చూపిచ్చి పారేశిన ముక్క

లతకు చిన్నప్పటి సంది ముక్కు మీదనే కోపం. "దాని నోట్లె నోరు పెట్టకున్రి" అని తల్లి నాగవ్వనే వచ్చినోళ్లకు ముందుగాల చెప్పి ఉంచేది. పిల్లను చూసేటందుకు వచ్చిన ఒక సంబంధమోళ్లు "ఏం పని చేస్తది?" అని అడిగితే, నాగవ్వ తనకు తెలిశినకాడికి "జగిత్యాలల రక్తం తీస్తది" అన్నది. చాయ గిలాసలు పట్టుకచ్చిన లత ఆన్నే నిలవడి, "రక్తం తియ్య. నేను ముక్కలు కోస్త" అన్నది. గా సంబంధం గా మాటకే ఎనుకకు పోయింది. తర్వాత వచ్చిన నవీన్ ఒక్కడే "ఏం ముక్కలు?" అని అడిగిండు. అడిగిండు కాబట్టే చేసుకున్న అంటది లత. నవీన్ ఇప్పుడు దుబాయిల క్రేన్ నడుపుతున్నడు. ఆమె చెప్పే ముక్కల ముచ్చట్లు అక్కడ నుంచే ఫోన్ల వింటడు.

ఆమె పనేందో ఊర్లె ఎవలికి సమజ్ కాదు. దవాఖానల తెల్లకోటు ఏసుకుంటే డాక్టరన్న కావాలె, సూది పొడిచేటామన్న కావాలె, జనం లెక్క గంతే. ల్యాబ్ అంటే అంత ఒక్కటే అనుకుంటరు. కాని గందుల రక్తం చూసేటోళ్లు వేరు, రోగం పురుగులను పెంచి పట్టేటోళ్లు వేరు, శరీరంల నుంచి తీశిన ముక్కను చూసేటోళ్లు వేరు. లతది గా మూడోది. ఆపరేషన్ల తీశిన గడ్డ గానీ, సంచి గానీ, పుండుకాడ గిల్లిన తునక గానీ ఫార్మాలిన్ మందునీళ్లల్ల నానుకుంట డబ్బల ఆమె ముందలికి వస్తది. లత దాన్ని మైనంల పోతపోస్తది. గట్టివడ్డంక మిషన్ మీద పెట్టి ఉల్లిపొర కంటె పల్చగ కోస్తది. గా పొర గోరెచ్చని నీళ్ల మీద తేలుతుంటే గాజుపలక మీదికి ఎత్తుకుంటది. ఊదరంగు, గులాబిరంగు పట్టిస్తది. గప్పుడు డాక్టర్ సుమిత్ర మైక్రోస్కోపుల కన్ను పెట్టి, ఇది వట్టి గడ్డనా, క్యాన్సరా చెప్తది. మిగిలిన డాక్టర్లంత గా మాట మీదనే మందు రాస్తరు.

గీ పని మీద మనసు పడుటానికి కూడ ఒక కతున్నది. బాపు మల్లన్న ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీల పని చేసేటోడు. సద్ది పట్టుకపోయిన లతకు అక్కడ ఒక అర్ర కనవడేది. ఒకాయన గాజుగొట్టంల చెరుకురసం పోసి, ఎలుగుకు పెట్టి చూసి, నాలికకు తాకకుంటనే ఎంత తియ్యగున్నదో చెప్పేటోడు. ఫ్యాక్టరీ బందయినంక మల్లన్న మస్కట్ పోయిండు. లత కరీంనగర్ల ల్యాబ్ చదువు, హైదరాబాద్ల ముక్కల పని నేర్చుకొని జగిత్యాలకు వచ్చింది. సుమిత్ర మేడం ల్యాబ్‌ల చేరింది. చేరిన మొదటి వారంలనే సుమిత్ర ఆమెతోని ఒక మాట అన్నది: "నువ్వు కోసింది నేను చూస్త. నువ్వు తప్పు కోస్తే నేను తప్పు చూస్త. ఇద్దరం ఒక్కలకొకలం బాకీ." గా మాట లతకు నచ్చింది. ఎవలి మీద కోపం వచ్చినా మేడం మీద మాత్రం రాలేదు, చాన ఏండ్ల దాంక.

నాగవ్వకు ఒక చెల్లె, ముత్తవ్వ. సిరిసిల్లల ఉండేది. మొగడు కొమురెల్లి బట్ట నేసే సాంచాలు నడుపుతడు. ముత్తవ్వ బీడీలు చేసేది. ఒళ్లె చాట, చాటల తునికాకు, తంబాకు, నోట్లె నవ్వు. లత పుట్టినప్పుడు నాగవ్వకు జరమొచ్చి పండుకుంటే పిల్లను పెంచింది ముత్తవ్వనే అని అందరంటరు. నలభై దాటంగనే ఆమెకు ఎర్రబట్ట మొదలైంది. నెలకు పదిరోజులు, ఇరువైరోజులు, మధ్యల మధ్యల గూడ. సిగ్గుకు ఎవలికి చెప్పలేదు. చాటమీద కూసున్నకాడనే కండ్లు తిరిగి పడిపోతె గప్పుడు నాగవ్వ పోయి తోలుకచ్చుకున్నది. దగ్గరుండి చూసుకునేటందుకు మంచిగుంటదని నాగవ్వ ఉండే కోరుట్లలనే ఒక నర్సింగ్‌హోంల చూపిచ్చిన్రు. పెద్ద డాక్టరు దామోదర్ రావు చెయ్యి పెట్టి చూసి, "గర్భసంచి పాడైందమ్మా, తీసెయ్యాలె" అన్నడు.

లత ఫోన్ల ఒక్కటే మాట చెప్పింది. "తియ్యున్రి. కాని తీశినంక సంచిని పరీక్షకు పంపుమనున్రి. మర్శిపోకున్రి."

"చెప్పిన బిడ్డా," అన్నది నాగవ్వ. "పంపుతరట."

ఆపరేషన్ అయినంక కూడ లత అడిగింది. "పంపిన్రట, మంచిగనే ఉన్నదట" అన్నరు. చిన్నవ్వ ఇంటికి పోయింది, మళ్ల చాట ముందల కూసున్నది. ఏ కరీంనగరుకో పంపుంటరని లత నమ్మింది. నమ్మకపోవుటానికి ఆమెకు అప్పుడు కారణం లేకుండె.

దసరా పోయినంక ముత్తవ్వ ఎడమకాలు వాచింది. ముందుగాల ఎవలు పట్టిచ్చుకోలే. బీడీలు చేసేటోళ్లకు కాళ్లు వాసుడు మామూలే. తర్వాత నడుం నొప్పి, తర్వాత మళ్ల ఎర్రబట్ట. సంచే లేనిదానికి బట్టేంది అని సిరిసిల్ల ఆడోళ్లంత ముక్కు మీద ఏలు పెట్టుకున్నరు. కొమురెల్లి ఆమెను బస్సు ఎక్కిచ్చి జగిత్యాలకు తెచ్చిండు. అక్కడ లేడీడాక్టరు లోపట పరీక్ష చేసి, మొకం మాడ్చుకొని, ఒక చిన్న తునక గిల్లి సుమిత్ర ల్యాబ్‌కు పంపింది.

డబ్బ మీద పేరు చూసిన అఖిల, అదే ల్యాబ్‌ల రక్తం చూసే పిల్ల, లత దగ్గరికి ఉరికచ్చింది. సుమిత్ర బయటికి వచ్చి, "ఇయ్యాల నువ్వు కొయ్యకు లతా. కరీంనగర్ పంపుదాం" అన్నది.

"నేనే కోస్త మేడం."

"చెయ్యి వణుకుతది."

"వణకది."

వణకలేదు. లత తన జన్మల గంత మంచిగ ఎన్నడు కొయ్యలేదు. రంగు పట్టిచ్చి పలకను మేడం ముందల పెట్టి, పక్కనే నిలవడ్డది. సుమిత్ర చాన సేపు కన్ను తియ్యలేదు. తీశినంక లత దిక్కు చూడలేదు. "గర్భసంచి మూతి కాడి క్యాన్సర్," అన్నది. "అప్పుడే ఉండి ఉంటది. సంచి తీశిన్నాడు ఎవలన్న చూశి ఉంటే రేడియేషన్ కరెంటు పెట్టిచ్చేటోళ్లు. అప్పుడు పెట్టిస్తే..."

"చూశిన్రు గద మేడం? మంచిగున్నదన్నరు గద?"

"ఎవరు చూశిన్రు, లతా?"

లత తొడుగులు ఇప్పి పారేసి బయటికి నడిచింది. 

బయట బెంచి మీద కూసున్న ముత్తవ్వకు ఎట్ల చెప్పాలెనో తెలువక లత ఏదో అనబోయింది. ముత్తవ్వ ఆమెను చూడంగనే సంగతి పట్టేసింది. "నా ముక్క నాకు సూపియ్యి" అన్నది. సుమిత్ర వద్దనలేదు. ముత్తవ్వ ఒక కన్ను ముడుచుకొని మైక్రోస్కోపుల చూశింది. లోపట ఊదరంగు గుండ్రాలు, గులాబి తీగెలు, ఒకదాని మీద ఒకటి తోసుకుంట.

"అబ్బ, పట్టుసీర కొంగోలె ఉన్నదే," అన్నది ముత్తవ్వ. "గింత ముద్దుగున్నదా, నన్ను తినేది?"

లత అక్కడ నుంచి బయటికి వచ్చింది. గోడకు చెయ్యి ఆనిచ్చి నిలవడ్డది. ఏడుపు రాలేదు. ఒంట్లె మంట వచ్చింది. ఎదురుంగ కొమురెల్లి నిలవడి ఉన్నడు.

"చిన్నబాపూ, కోరుట్లల సంచి తీశినప్పుడు పరీక్ష కాయితం ఇచ్చిన్రా?"

"కాయితమేం లేదు బిడ్డా. నేనే కండ్లార సూశిన గద."

"ఏం చూశినవ్?"

"డాక్టరు నన్ను లోపటికి పిలిశిండు. ట్రేల పెట్టి సూపిచ్చిండు. 'చూడు, ఎంత పాడైందో' అన్నడు. ఎర్రగ, ఇంత లావుగ ఉండె. 'ఇగ ఫికర్ లేదు, అంత మంచిగనే ఉంది' అన్నడు. నేను దండం పెట్టిన."

"తర్వాత?"

"తర్వాత పచ్చసంచిల ఏసిన్రు. చెత్తల."

లతకు ఏం మాట్లాడుతున్ననో ఎరుక లేకుంట మాటలు వచ్చినయ్. "నీ కండ్లేమన్న మైక్రోస్కోపా? చూసి ఏం తెలిసింది నీకు? కూరగాయ అనుకున్నవా, పుచ్చున్నదా లేదా చూసుటానికి? నేను పంపుమని చెప్పిన్నా లేదా? దండం పెట్టొచ్చినవా? నా చిన్నవ్వను చంపుతున్నోనికి దండం పెట్టొచ్చినవా?"

కారిడార్ల జనమంత చూస్తున్నరు. కొమురెల్లి నెత్తి మీది తువ్వాల తీసి చేతుల పట్టుకున్నడు. సాంచాల సప్పుడుల బతికిన మనిషి, ఆయన చెవులు సగమే వింటయ్. కాని గా రోజు అన్ని విన్నడు. అప్పుడే బయటికి వచ్చిన ముత్తవ్వ, "ఆయిన మీద ఎందుకే? ఆయినకేమెరుక?" అని మొగని చెయ్యి పట్టుకున్నది.

గా మాటతోని లత కోపం సగంల ఆగింది. ఆగి, దిక్కు మార్చుకున్నది.

తెల్లారి కొమురెల్లిని తోలుకొని కోరుట్ల పోయింది. దామోదర్ రావు మర్యాదస్తుడు. తెల్ల లాల్చి, గంధం బొట్టు. పాత దొరల కుటుంబం. పేషెంట్లను "అమ్మా" అనకుంట పలకరియ్యడు. లత ఎవలో ఆయనకు తెల్వది. పేషెంటు అక్క బిడ్డ అని చెప్పింది, గంతే.

"సంచిని పరీక్షకు పంపిన్రా సార్?"

"పంపకుంట ఎట్లుంటమమ్మా? మేము అన్ని పంపుతం."

"ఎక్కడికి?"

"జగిత్యాలకే. సుమిత్రమ్మ ల్యాబ్‌కు. మా మేనమామ బిడ్డనే ఆమె. వేరే దిక్కు ఎందుకు పంపుతం?"

లత కుర్చి ముందలికి జరుపుకున్నది. తర్వాత నింపాదిగ అన్నది. "గా ల్యాబ్‌ల ముక్కలు కోసేది నేనే సార్. మీ తాన నుంచి ఒక్క సంచి రాలే. మా చిన్నవ్వదే కాదు, ఎవలిది రాలే. నేను చేరిన కాడి నుంచి రాలే."

అక్కడ ఆయన మొకం మాడుతదనుకున్నది లత. మాడలేదు. చిన్నగ నవ్విండు. "అయితే తొవ్వల ఏడనో పోయుంటది. మావోళ్లను అడుగుత" అని, కొమురెల్లి దిక్కు మర్రిండు. "ఏమోయ్, నీకు చూపిచ్చినం గద? నువ్వు చూశినవా లేదా?"

కొమురెల్లి అలవాటు కొద్ది చేతులు జోడిచ్చిండు. "సూశిన సార్."

"మరి? నేనేం దాచలేదు గదా."

గా జోడిచ్చిన చేతులను చూసినప్పుడు లతకు వచ్చిన కోపం అంతకు ముందు వచ్చిన కోపాలన్నిటి కంటె పెద్దది. టేబుల్ మీది గాజు పేపర్‌వెయిట్ ఆమె చేతికి అందేంత దూరంలనే ఉండె. చిన్నబాపు చేతులను విడదీసి, ఆయన రెక్క పట్టుకొని బయటికి తోలుకచ్చింది.

ల్యాబ్‌కు పోయి జరిగిందంత సుమిత్రకు చెప్పింది. సుమిత్ర కుర్చీల ఎనుకకు ఒరిగింది. "దామోదర్ బావ అట్ల అన్నడా? నా పేరు చెప్పిండా?"

"మీ పేరే చెప్పిండు. నేను జిల్లా ఆఫీసుల దరఖాస్తు పెడుత మేడం. మీరు ఒక్క మాట చెప్తె చాలు, మాకు రాలేదని."

సుమిత్ర కిటికీల నుంచి బయటికి చూశింది. "లతా, ఆయన మా మేనత్త కొడుకు. మా అమ్మ ఇప్పుడు వాళ్లింట్లనే ఉంటది. నేను ఆయన మీద చెప్తె, మళ్ల నేను గా గడప తొక్కలేను."

"మా చిన్నవ్వ కూడ ఇగ ఏ గడప తొక్కది మేడం."

"నేను చెప్పనంటలేను. కొంచెం టైం ఇయ్యి."

"ఆమెకు టైం లేదు. మీరే చూసి చెప్పిన్రు గద, టైం లేదని."

అక్కడ నుంచి ఇద్దరి నడుమ పని మాట తప్ప వేరే మాట లేదు. లత కోసేది, రంగేసేది, పలకలు టేబుల్ మీద పెట్టి పోయేది. సుమిత్ర చూసేది. రెండు కుర్చీల నడుమ అఖిల బిక్కుబిక్కుమనుకుంట తిరిగేది. లత ఒక్కతే దరఖాస్తు పెట్టింది. దాని మీద ఎవలు రాలేదు, ఎవలు అడుగలేదు. పోయి అడిగితె "విచారణ చేస్తున్నం" అన్నరు. ఎవలను విచారిస్తున్నరు? చెత్తకుప్పనా? అని లత గక్కడనే కొట్లాడింది. బయట నిలవడుమన్నరు.

ముత్తవ్వను హైదరాబాదుల కరెంటు పెట్టిచ్చుటానికి చేర్పిచ్చిన్రు. లత సెలవు దొరికినప్పుడల్ల పోయేది. ముత్తవ్వ సన్నవడ్డది, నల్లవడ్డది, నెత్తి ఎంటికలు తెల్లవడ్డయ్. అయినా ఖాళీ చేతులు ఊకుండకపోయేటియి. దుప్పటి కొంగును పట్టుకొని బీడీ చుట్టినట్టు చుట్టేది, ఇప్పేది. "నువ్వు మేడంతోని మాట్లాడుతలెవ్వట," అన్నది ఒకనాడు. "మంచిది కాదే. గామె నాతోని మంచిగ మాట్లాడింది."

"మాట్లాడుడు కాదు చిన్నవ్వా. చెప్పాలె. గక్కడ చెప్పాలె."

"చెప్తదిలే. పెద్దింటోళ్లకు మాట గొంతుల నుంచి వచ్చెటాలకు ఆలిశమైతది. గొంతు పొడుగు గద." అని నవ్వి, దగ్గు వచ్చి, పండుకున్నది.

ఉగాది పోయినంక ముత్తవ్వ సిరిసిల్లల సచ్చిపోయింది.

పెద్దకర్మనాడు వాకిట్ల బీడీలు చేసే ఆడోళ్లంత కూసున్నరు. కొమురెల్లి ఒక మూలకు తలకాయ వంచుకొని ఉన్నడు. లత ఆయన పక్కన పోయి కూసున్నది. గా రోజు కారిడార్ల అన్న మాటలకు ఏమన్న చెప్పాలెనని నోరు తెరిచింది. ఆయనే ముందుగాల అన్నడు: "నువ్వు తిడితెనే మంచిగున్నది బిడ్డా. అందరు 'నీ తప్పేమున్నది' అంటుంటె లోపట ఇంక కాల్తంది."

లత లేచి ఆడోళ్ల నడిమిట్లకు పోయింది. ఏ ముందుమాట లేకుంట అడిగింది: "మీల ఎందరికి సంచి తీశిన్రు?"

చావింట్ల గీ మాటేంది అన్నట్టు చూశిన్రు. గీత అని ఒకామె, గట్టి గొంతుది, ముత్తవ్వ పక్క చాట ఆమెనే, చెయ్యి లేపింది. "నాకు ముప్పై నిండకముందే తీశిన్రు." ఆమె పక్కామె లేపింది. దాని పక్కామె. ముసలోళ్లు లేపిన్రు. నిన్నమొన్న పెండ్లయినట్టు కనవడే ఒక పిల్ల కూడ లేపింది. వాకిట్ల చెయ్యి లేపనోళ్లను లెక్కపెట్టుడే సులువుగుండె.

"పరీక్షల ఏమచ్చిందో మీకు చెప్పిన్రా?"

"పరీక్షేంది?" అన్నది గీత. "మా ఆయినకు ట్రేల పెట్టి సూపిచ్చిన్రు."

"మా అన్నకు సూపిచ్చిన్రు."

"మాకు గదిగూడ లే."

లత చెప్పింది. ఆడ తీశిన ప్రతి సంచి, ప్రతి ముక్క తన అసోంటి మనిషి చేతికి రావాలెనని. కంటికి మంచిగ కనవడ్డదాంట్లె రోగం ఉంటదని, పాడైనట్టు కనవడ్డదాంట్లె ఏం లేకపోవచ్చని. కోస్తెనే తెలుస్తదని. చెప్పుకుంట చెప్పుకుంట గొంతు లేశింది. "మీ ఒంట్లె నుంచి తీశింది మీదే. వాళ్లది కాదు. చెత్తల ఏసుటానికి వాళ్లెవలు?"

గీత కొంగు నడుముకు చెక్కింది. "పోదాం పాన్రి," అన్నది. "ఆడోళ్లకు బస్సుల టికెట్ లేకపాయె, ఊకెనేనాయె."

సోమారం పొద్దుగాల కోరుట్ల నర్సింగ్‌హోం హాలు నిండింది. వచ్చినోళ్లు నినాదాలు ఇయ్యలేదు. పని పోగొట్టుకునేటోళ్లు కాదు. చాటలు తెచ్చుకున్నరు. నేల మీద వరుసగ కూసొని బీడీలు చుట్టుడు మొదలువెట్టిన్రు. తంబాకు ఘాటుకు కాంపౌండర్ తుమ్మి, "ఇది దవాఖాన!" అని ఒర్రిండు.

"మాకెరుకనే," అన్నది గీత. "గందుకే అచ్చినం."

దామోదర్ రావు బయటికి వచ్చిండు. "ఏం కావాలమ్మా మీకు?"

"మా సంచులు ఏడున్నయో చెప్పు. చెప్తె పోతం."

ఆయన లోపటికి మర్రిండు. పోలీసులకు ఫోన్ చేశిండు. పోలీసులు వచ్చిన్రు. చాటలు పట్టుకున్న ఆడోళ్లను ఎట్ల లేపాలెనో వాళ్లకు సమజ్ కాలేదు. పేషెంట్లు ఫోన్లల్ల వీడియో తీశిన్రు. ఎండ నెత్తిమీదికి వచ్చేటాలకు జిల్లా నుంచి ఒక ఆఫీసర్ కారుల దిగిండు. లత ఆయన ముందల నిలవడి జరిగింది చెప్పింది. దామోదర్ రావు, "సార్, ఆమె ఆవేశంల ఉన్నది. ముక్క పంపినం, జగిత్యాల ల్యాబ్‌ల పోయింది. వాళ్ల తప్పు మా మీద ఏస్తున్నరు" అన్నడు.

"మా ల్యాబ్‌ల ఏది పోలేదు."

గా మాట తలుపు కాడ నుంచి వచ్చింది. సుమిత్ర. అఖిల ఫోన్ చేస్తె వచ్చిందట. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, చాటల నడుమ నుంచి జాగ్రత్తగ అడుగులేసుకుంట ముందలికి వచ్చింది. మొకం తెల్లగ పాలిపోయి ఉన్నది. "ఈయన మా మేనత్త కొడుకు. అందుకే ఇన్ని దినాలు రాలేదు. రావాల్సుండె. ముత్తవ్వ ముక్క మాకు రాలేదు. ఏండ్ల సంది ఈ దవాఖాన నుంచి మాకు ఏది రాలేదు. ఎక్కడ కావాలంటే అక్కడ చెప్త."

"సుమిత్రా!" అన్నడు దామోదర్ రావు.

"నా పేరు చెప్పుకొని అబద్ధమాడినవ్ బావా," అన్నది సుమిత్ర. ఆమె గొంతుల అప్పటిదాంక లత వినని వాడి ఉన్నది. "నా పేరు!"

ఆఫీసర్ నర్సింగ్‌హోంకు తాళం ఏపిచ్చిండు. సిరిసిల్ల ఆడోళ్లు చుట్టిన బీడీలను కట్టలు కట్టుకొని బస్సెక్కిన్రు. గీత కిటికీల నుంచి లతను చూసి చెయ్యి ఊపింది. లతకు గెలిశినం అనిపియ్యలేదు. అనిపియ్యకపోవుడే మంచిదైంది. ఎందుకంటే వానకాలం నడుమకే తాళం తీశిన్రు. బోర్డు మారింది. కొడుకు సాకేత్ రావు పేరు వచ్చింది. దామోదర్ రావు మీద కేసు అటు పోతంది, ఇటు వస్తంది. వాయిదా నాడు ఆయన గంధం బొట్టు పెట్టుకొని వస్తడు, లత ఎదురువడితె "మంచిగున్నవా అమ్మా" అంటడు. లత మొకం తిప్పుకొని పోతది. సుమిత్రను పుట్టింటోళ్లు పిలుసుడు బందు పెట్టిన్రు. తల్లిని చూడాలంటే ఎవలన్న తోలుకచ్చి గుడికాడ చూపియ్యాలె. ధర్మపురిల ఒకసారి అట్ల కలిశి వచ్చిందట. లత ఆ సంగతి విని, ఒక చాయ గిలాస తెచ్చి మేడం టేబుల్ మీద పెట్టింది. ఇద్దరు మళ్ల మాట్లాడుకుంటున్నరు.

కాని ఒకటి మాత్రం మారింది. సిరిసిల్ల ఆడోళ్లు చుట్టాలకు చెప్పిన్రు, చుట్టాలు ఊర్లకు చెప్పిన్రు. ఎక్కడ ఆపరేషన్ అయినా ఇంటోళ్లు తలుపుకాడ నిలవడి, "ముక్క మాకియ్యున్రి, మేమే కొంచవోతం" అంటున్నరట. ఇయ్యకుంటె గీతకు ఫోన్ కొడుతున్నరు. జగిత్యాల బస్సులల్ల ఒళ్లె డబ్బ పెట్టుకొని, మూత మీద చెయ్యి ఆనిచ్చి, ఆడోళ్లు వస్తున్నరు. కండక్టర్ "అందుల ఏమున్నదవ్వా?" అంటె "నా సంచి" అంటున్నరు.

మొన్న బుగ్గారం నుంచి ఒకాయన వచ్చిండు. పెండ్లానికి ఆపరేషన్ అయిందట. తొక్కు డబ్బను కడిగి తెచ్చిండు. లత మూత తీయంగనే వాసన కొట్టింది. ఫార్మాలిన్ లేదు. ఉప్పునీళ్లు పోసి పంపిన్రు. ముక్క మెత్తవడ్డది, అంచులు కరిగినయ్.

"ఎవలు పోశిన్రు గీ నీళ్లు?"

"దవాఖానోళ్లే మేడం. చాలన్నరు."

"చాలన్నరా? నువ్వు అడగవా? ఏ నీళ్లని అడగవా?" లత గొంతు కారిడార్ చివరిదాంక పోయింది. ఆయన బిత్తరవోయిండు. లత ఫోన్ తీసి గా దవాఖానకు కొట్టింది. ఎత్తినోనికి ఆమె ఎవలో ఎరుకే. "నమస్తే మేడం" అంటుండంగనే మొదలువెట్టింది. చదువెవలు చెప్పిన్రు, లైసెన్సెవలిచ్చిన్రు, మనిషి ఒంట్లె ముక్కా, ఊరగాయనా అని దులిపింది. అవుతల "సారీ మేడం, సారీ మేడం" అనుడే వినవడ్డది. పెట్టేసి, అదే కోపంతోని అఖిలను ఫార్మాలిన్ తెమ్మన్నది. అఖిల ఉరికింది.

బుగ్గారమాయన తలుపుకాడ నిలవడి, "ఇగ పనికి రాదా మేడం?" అన్నడు మెల్లగ.

"పక్కకు జరుగు, ఎలుగు అడ్డమొస్తున్నవ్," అన్నది లత. చేతులకు తొడుగులు ఏసుకొని, లైటు దగ్గరికి గుంజుకొని, ముక్కను బల్ల మీద పెట్టింది. పైపైన కుళ్లింది. నడుమ ఏలుతోని ఒత్తి చూస్తె ఒకకాడ ఇంక కుళ్లకుంట గట్టిగున్నది. పండ్లు కొరుక్కుంట, లత కత్తి తీసి అక్కడ పెట్టింది.